కింద పడ్డ కీ వాచీ: బాగు చేయించాలా, వదిలేయాలా?

స్టీలు గ్లాసు పడితే దొర్లుకుంటూ పోతుంది, ఇల్లంతా వినిపిస్తుంది. వాచీ అలా కాదు. "టక్" అని ఒక్క చప్పుడు, అంతే. పోయిన ఏడాది జూన్‌లో బడులు తెరిచిన మూడో రోజు, పొద్దున ఆరున్నరకి ఆ చప్పుడు విన్నాను. నాన్న హెచ్.ఎం.టి. జనత. వాషింగ్ మెషిన్ మీద పెట్టి మొహం కడుక్కుంటున్నాను. మెషిన్ స్పిన్‌లో ఉన్న సంగతి మర్చిపోయాను. అది వణికి వణికి వాచీని అంచుదాకా జరిపి కింద పడేసింది. కింద షాబాదు బండలు.

నేను మల్కాజిగిరిలో ఉంటాను, సర్కారు బడిలో లెక్కలు చెప్తాను. వాచీ విప్పడం నాకు రాదు. కానీ మా ఇంట్లో, మా అన్నయ్య ఇంట్లో కలిపి ఇప్పటికి మూడు వాచీలు పడ్డాయి. ఒకటి బాగు చేయించాం. ఒకదానికి పడ్డం వల్ల ఏమీ కాలేదని, రోగం వేరే ఉందని తేలింది. ఇంకోదాన్ని చేయించొద్దని అనుకుని ఆపేశాం. ఆ మూడిటి వల్ల తెలిసింది చెప్తాను. సెల్లు వాచీల గురించి కాదు. కీ ఇచ్చేవి, చేతికి ఉంటే వాటంతటవే చుట్టుకునే ఆటోమేటిక్‌లు, వీటి సంగతే.

పడగానే

పడిన వాచీని చూడగానే మన చెయ్యి చేసే మొదటి పని, తీసి చెవి దగ్గర పెట్టి ఊపడం. ఆగిపోయిందనిపిస్తే అరచేతికేసి రెండు తట్టడం. టీవీ రిమోట్‌కి చేసే వైద్యమే దీనికీ చేస్తాం. వద్దు. కీ కూడా తిప్పొద్దు. లోపల ఏదైనా ఊడి ఉంటే అది చక్రాల పళ్ల మధ్య ఇరుక్కునేది అప్పుడే.

ముందు అద్దం చూడండి. పగిలిందా, ఇక ఆ వాచీని నడపకూడదు. గాజు నలుసు లోపలి నూనెలో కలిస్తే గరుకు కాగితంలా ఇరుసుల్ని అరగదీస్తుంది. ముల్లు కింద పడితే డయల్ మీద గీత గీస్తుంది, ఆ గీత ఇక పోదు. ముక్కలు కదలకుండా అద్దం మీద టేపు అంటించి, డబ్బాలో పెట్టేయండి. పాత హెచ్.ఎం.టి.ల అద్దం నిజానికి గాజు కాదు, అక్రిలిక్. పగుళ్లిస్తుందే గానీ పొడి అవ్వదు, మార్చడం కూడా చవక. ఇప్పటి వాచీల మినరల్ గాజు ముక్కలు ముక్కలవుతుంది. సఫైర్ అద్దం మీద తాళంచెవితో గీసినా గీత పడదు గానీ, అంచు మీద పడిందంటే భళ్లున పగులుతుంది, మార్చాలంటే జేబుకి చిల్లే.

తర్వాత నేల చూడాలి. చీపురు ముట్టుకోకండి. మా పనామె ఏడింటికి వస్తుంది, ఆ రోజు ఆవిడని బాత్‌రూం వైపు పోనివ్వలేదు. కీ ఊడి ఎక్కడో పడి ఉండొచ్చు, బెల్టుని పట్టుకునే పిన్ను ఎగిరిపోయి ఉండొచ్చు. లైటు తీసేసి, ఫోన్ టార్చిని నేలకి ఆనించి పక్కకి వేసి చూడండి. ఆవగింజంత వస్తువుకి కూడా జానెడు నీడ పడుతుంది. నా పిన్ను జాలీ పక్కనే దొరికింది, ఇంకో అంగుళం పోయుంటే మోరీలోకే.

ఆ రోజు నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. అద్దం బాగుంది, టిక్‌టిక్ వినిపిస్తోంది, సెకన్ల ముల్లు తిరుగుతోంది. హమ్మయ్య అనుకుని చేతికి పెట్టుకుని బడికి పోయాను. మూడో పీరియడ్ బెల్లు కొట్టినప్పుడు నా వాచీలో ఇంకా పన్నెండు నిమిషాలు టైముంది. నడుస్తోంది అంటే బాగుందని కాదని అప్పుడు అర్థమైంది. వంగిన ఇరుసుతో అలా నడపడం వల్ల అది ఆనే చిన్న గట్టి రాయి కూడా పాడవ్వొచ్చు. అదృష్టం, నాకు అంత దూరం పోలేదు.

దెబ్బ ఎక్కడ తగులుతుంది

వాచీ లోపల చాలా భాగాలు గట్టివే. పడితే ముందు దెబ్బ తినేది బ్యాలెన్స్ చక్రం. అటూ ఇటూ ఊగుతూ టిక్‌టిక్ మనిపించేది అదే. జనతలో గంటకి 18,000 సార్లు, అంటే సెకనుకి ఐదు టిక్కులు. ఆ చక్రం తిరిగే ఇరుసు కొసలు చూస్తే భయమేస్తుంది, మిల్లీమీటరులో పదో వంతు మందం అటూ ఇటూగా. మన తలవెంట్రుకకి కాస్త అన్నలాంటివి. వాచీ నేలకి తగిలి ఆగిపోతుంది, లోపలి చక్రం మాత్రం ఆ ఊపులోనే ఉంటుంది. ఆ తోపు మొత్తం ఆ కొసలే మొయ్యాలి. కొంచెమైతే వంగుతాయి, ఎక్కువైతే విరుగుతాయి.

ఇలా జరక్కూడదనే ఆ కొసలు ఆనే రాళ్లని సన్నటి స్ప్రింగు కింద కూర్చోబెడతారు. దెబ్బ తగిలితే రాయి కాస్త లేచి మళ్లీ చోటికి వస్తుంది. స్విస్ వాచీల్లో దాన్ని ఇన్‌కాబ్లాక్ అంటారు, 1930ల నుంచీ ఉంది. సీకో వాళ్లది డయాషాక్. నాన్న జనత డయల్ మీద పారాషాక్ అని ఉంటుంది, అది సిటిజన్ వాళ్ల పద్ధతి. 1961లో బెంగళూరులో హెచ్.ఎం.టి. వాచీలు మొదలైందే జపాన్ సిటిజన్ సాయంతో కదా. (మన చింతల్ దగ్గర హెచ్.ఎం.టి. రోడ్డు చూసి వాచీలు ఇక్కడే చేసేవారనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇక్కడ చేసింది యంత్ర పరికరాలు.)

"టీచర్, షాక్‌ప్రూఫ్ అయితే ఎందుకు పాడయింది?" అని తొమ్మిదో క్లాసు పిల్లాడు అడిగాడు. మంచి ప్రశ్న, ఆ రోజు పాఠం పక్కన పెట్టి బోర్డు మీద లెక్క వేశాం. షాక్ తట్టుకుంటుందని రాసుకోవాలంటే ఐఎస్‌ఓ 1413 అనే ప్రమాణం ఉంది. మీటరు ఎత్తు నుంచి గట్టి చెక్క నేల మీద పడితే ఎంత దెబ్బో అంత దెబ్బ సుత్తితో కొట్టి చూస్తారు. మీటరు ఎత్తు నుంచి పడితే నేల తాకేటప్పటికి వేగం సెకనుకి 4.43 మీటర్లు, అంటే గంటకి సుమారు 16 కిలోమీటర్లు. ఆ దెబ్బ తిన్నాక రోజుకి 60 సెకన్ల కంటే ఎక్కువ తేడా రాకపోతే వాచీ పాసు. సరే, మరి చెక్క నేల హైదరాబాద్‌లో ఎవరింట్లో ఉంది? పాత ఇళ్లలో షాబాదు బండలో తాండూరు బండలో, కొత్త అపార్టుమెంట్లలో గ్రానైటో టైల్సో. వేగం అదే, కానీ చెక్క కాస్త లోపలికి పోతుంది, బండ పోదు. ఆగడానికి దూరం ఎంత తక్కువైతే దెబ్బ అంత ఎక్కువ. మా వాషింగ్ మెషిన్ మీటరు ఎత్తు కూడా ఉండదు, అయినా జనత ఓడిపోయింది.

ఇరుసు విరగడం ఒక్కటే కాదు, చిన్నచిన్నవి కూడా జరుగుతాయి. రాయి మీద స్ప్రింగు చోటు తప్పుతుంది; వాచీ చచ్చినట్టు ఆగిపోతుంది గానీ, తెలిసినవాడు మళ్లీ తగిలిస్తే సరిపోతుంది. డయల్ వెనకాల కాళ్లు విరిగితే డయల్ పక్కకి తిరుగుతుంది, 12 అంకె ఒకటి వైపు ఒరుగుతుంది. డయల్ మీద అతికించిన గీత ఊడి ముల్లుకి అడ్డంపడుతుంది. కీ పుల్ల వంగితే తిప్పుతుంటే ఎక్కడో పట్టేసినట్టుంటుంది. ఆటోమేటిక్‌లో వెనక తిరిగే బరువు వదులైతే చెయ్యి కదిపినప్పుడల్లా గరగరమంటుంది. వీటిలో చాలావరకు చూడ్డానికి ఘోరంగా ఉండి ఖర్చు తక్కువ అయ్యేవే. ఏమీ కనిపించకుండా టైము తప్పుతున్న వాచీ కోసమే ఎక్కువ డబ్బు సిద్ధం చేసుకోవాల్సి వస్తుంది.

రెండు రోజులు, ఒక నోటు పుస్తకం

అద్దం బాగుండి, లోపల ఏదీ గలగలమనకపోతే, దుకాణానికి పరిగెత్తే ముందు రెండు రోజులు ఇంట్లోనే పరీక్ష పెట్టండి. కీ పది చుట్లు మెల్లగా తిప్పండి. గట్టిగా ఉన్నా, ఇసుక నమిలినట్టున్నా అక్కడే ఆపేయండి.

బాగానే తిరిగితే రాత్రి ఇల్లు సద్దుమణిగాక చెవికి ఆనించి వినండి. మంచి వాచీ టిక్ టిక్ టిక్ టిక్ అని సమానంగా కొడుతుంది. దెబ్బ తిన్నది కుంటుతుంది. టిక్‌టిక్... టిక్‌టిక్... ఒక కాలు ఈడ్చుకుంటూ మెట్లెక్కే మనిషి అడుగుల చప్పుడులా.

తర్వాత వాచీని ఫోన్ టైముకి సరిచేసి, ఒక్కో భంగిమలో పన్నెండేసి గంటలు ఉంచండి. డయల్ పైకి, డయల్ కిందికి, కీ కిందికి. ప్రతిదానికీ ఎన్ని సెకన్ల తేడానో రాసుకోండి. ఎందుకంటే డయల్ పైకి పెట్టినప్పుడు చక్రం బరువు వెనక మూత వైపు కొస మీద ఉంటుంది. బోర్లిస్తే డయల్ వైపు కొస మీద పడుతుంది. నిలబెడితే రెండు కొసల పక్కల మీదా ఆనుతుంది. ఏ భంగిమలో చెడిందో చూస్తే ఏ కొస చెడిందో మూత తీయకుండానే చాలావరకు తెలుస్తుంది.

నా పుస్తకంలో ఇలా ఉంది. డయల్ పైకి: 12 గంటల్లో 9 సెకన్లు ముందు. కీ కిందికి: 2 నిమిషాల 10 సెకన్లు వెనక. డయల్ కిందికి: నాలుగు గంటలు నడిచి ఆగింది, తీసి తిరగేస్తే మళ్లీ నడిచింది. మా ఆయన చూసి, "లెక్కల టీచరు వాచీకి కూడా యూనిట్ టెస్ట్ పెట్టింది" అన్నాడు. పెట్టుకోనీ. ఈ పేజీ పట్టుకెళ్లినందుకే దుకాణంలో నన్ను చూసే చూపు మారింది.

ఒకవేళ వాచీ వెనకపడకుండా విపరీతంగా ముందుకి పోతుంటే కంగారుపడకండి. మా అన్నయ్య కొడుకు సీకో 5 అలాగే చేసింది. హాల్లో పెద్ద స్పీకర్ మీద నుంచి సోఫా మీదికి, సోఫా మీద నుంచి కిందికి పడింది. మర్నాటి నుంచి గంటకి నిమిషం చొప్పున పరుగు. పడ్డందుకే అని వదిన వాణ్ని వారం తిట్టింది. ఫోన్‌లో దిక్సూచి తెరిచి వాచీని దగ్గరికి తెస్తే ముల్లు గిర్రున తిరిగింది. స్పీకర్ అయస్కాంతం పక్కనే నెలల తరబడి పడుకుంది కదా, బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి స్ప్రింగు, అదే హెయిర్ స్ప్రింగు, దాని చుట్లు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. దుకాణంలో అయస్కాంత గుణం తీసేసే నీలం రంగు చిన్న పెట్టె మీద పెట్టి మీట నొక్కి పైకి తీశారు. పది సెకన్లు, యాభై రూపాయలు. వదిన వాడికి బిర్యానీ తినిపించి రాజీ పడింది. వాచీలో ఉక్కు ముక్కలుంటాయి కాబట్టి మంచి వాచీ దగ్గర పెట్టినా దిక్సూచి కాస్త కదలొచ్చు, అది చూసి నిర్ణయానికి రావద్దు. కానీ ముందుకి పరిగెత్తే వాచీకి ఎవరైనా "మిషన్ మొత్తం విప్పాలి" అంటే, ముందు అయస్కాంత గుణం తీసేసి చూడమనండి.

దుకాణంలో

వారంటీలో ఉన్న కొత్త వాచీ అయితే కంపెనీ సర్వీస్ సెంటర్‌కే పోవాలి. పడగొట్టుకున్నదానికి సాధారణంగా వారంటీ వర్తించదు, కానీ బయట మూత తీయిస్తే మిగతా వారంటీ కూడా పోతుంది. లక్షల వాచీ ఉన్నవాళ్లకి నా సలహా అక్కర్లేదు, అదే సర్వీస్ సెంటర్. మిగతా మనందరికీ గాజు పెట్టె వెనక కూర్చుని కంటికి భూతద్దం బిగించుకునే మనిషి కావాలి. అలాంటివాళ్లు తగ్గిపోతున్నారు. చాలాచోట్ల ఇప్పుడు సెల్లు, బెల్టు మార్చడమే పని. కీ వాచీ చూపిస్తే "వదిలేసి పోండి, సాయంత్రం రండి" అంటారు.

అలా ఒకసారి వదిలేసి నేను మోసపోయాను. ఎక్కడో చెప్పను. పదేళ్ల కిందట ఇదే జనతని అద్దం మార్చమని ఇచ్చి సాయంత్రం పోతే, వాచీ మెరిసిపోతోంది. కేసు రుద్ది రుద్ది అంచులు గుండ్రంగా చేసేశారు. ఇంటికొచ్చాక తెలిసింది, సెకన్ల ముల్లు కూడా మాది కాదు. అడిగితే "మేడం, కొత్తగా చేసిచ్చాం కదా" అని నా మీదే అలిగారు. ఆ రోజు నుంచి వాచీ నా కళ్లముందు తెరిస్తేనే ఇస్తాను.

ఇప్పుడు నేను పోయేది సుల్తాన్ బజార్ వైపు ఒక సందులోకి, మెట్రో దిగి నడిచేంత దూరం. ఆయన్ని చాచా అంటాను. ఆయన నన్ను టీచరమ్మా అంటాడు. నోటు పుస్తకం పేజీ చూసి, చదివి, మళ్లీ చదివి, "బోర్లా పెడితే ఆగుతుందా? అయితే దెబ్బ కింద తగిలింది" అన్నాడు, ఇంకా మూత తీయకుండానే. డయల్ వైపుని వాళ్లు కింద అంటారు. మనకది పైన.

మూత తీసి భూతద్దం నా చేతికిచ్చాడు. చక్రం తిరుగుతోంది, కానీ దాని అంచు పైకీ కిందికీ ఊగుతోంది. పిల్లాడి సైకిల్‌కి పంక్చర్ వేయించి నట్లు సరిగా బిగించకపోతే వెనక చక్రం ఎలా ఊగుతుందో అలా. పక్కన చుట్టలు చుట్టుకున్న హెయిర్ స్ప్రింగు మాత్రం గుండ్రంగా, ఏ చుట్టూ ఇంకోదాన్ని తాకకుండా ఉంది. "బాల్‌కమానీ బచ్ గయీ" అన్నాడు చాచా, సొంత మనవడు గండం గడిచినంత సంతోషంగా. బాల్‌కమానీ అంటే ఆ హెయిర్ స్ప్రింగే, అది బతికిందని. అది చెడితే ఖర్చు రెండింతలయ్యేదట.

తర్వాత చిన్న మిషన్ మీద వాచీని బిగించాడు, టైమింగ్ మిషన్. టిక్కులు విని తెర మీద గీతలు గీస్తుంది. అక్కడ మీరు చూడాల్సిన అంకె ఆంప్లిట్యూడ్, అంటే చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతోందని. 270 దాటితే మంచి ఆరోగ్యం, పాత వాచీకి 250 అయినా ఫర్వాలేదు, 200 లోపుంటే ఏదో అడ్డుపడుతున్నట్టు. నాన్న వాచీ డయల్ పైకి 248, బోర్లిస్తే 140. రెండు భంగిమల మధ్య అంత తేడా ఉందంటే ఇక అనుమానం లేదు. మీ దుకాణంలో ఈ మిషన్ లేకపోయినా ఫర్వాలేదు, ఉంటే మాత్రం పని ముందొకసారి, పని తర్వాత ఒకసారి అంకె చూపించమని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. రక్త పరీక్ష రిపోర్టు అడగమా?

వంగిన కొసని సాఫు చేస్తానంటే నేనైతే ఒప్పుకోను. గట్టి ఉక్కు అది, తిరిగి వంచబోతే టప్పున విరుగుతుంది. ఇరుసు ఒక్కటే మార్చడం మంచి పనే, కానీ చెయ్యి తిరిగినవాడు కావాలి. ఎక్కువమంది చేసేది బ్యాలెన్స్ కంప్లీట్, అంటే చక్రం, ఇరుసు, హెయిర్ స్ప్రింగు కలిపి ఒకే ముక్కగా మార్చడం. చక్రానికీ స్ప్రింగుకీ జత కుదిర్చి ఉంటుంది కాబట్టి, ఒకదాని చక్రం ఇంకోదాని స్ప్రింగు కలిపితే టైము నిలవదు. హెచ్.ఎం.టి.లో మనకి కలిసొచ్చేది, చాలా కీ మోడళ్లలో ఒకే కుటుంబం మిషన్ (లోపలి యంత్రం) ఉండటం. కంపెనీ వాచీల విభాగం మూతకి 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది, అయినా తుక్కు వాచీలు ఇంకా దొరుకుతున్నాయి. చాచా దగ్గర ఒక బిస్కెట్ డబ్బా నిండా ఉన్నాయి, అన్నీ డయల్ పాడైనవి, మిషన్ బాగున్నవి.

లెక్క

ఇక్కడే చాలామంది తప్పు లెక్క వేస్తారు. "వాచీ రెండు వేలది, రిపేరు పద్నాలుగు వందలా? అక్కర్లేదు" అంటారు. ఆ పద్నాలుగు వందల్లో పడినందుకు అయ్యేదెంత, పడకపోయినా అయ్యేదెంత అని విడదీయాలి.

నా బిల్లు ఇది. బ్యాలెన్స్ కంప్లీట్ 500, అద్దం 150, విప్పి కడిగి నూనె వేసే సర్వీసింగ్ 800. మొత్తం 1,450. కానీ నాన్న పోయాక ఆ వాచీకి సర్వీసింగ్ జరగలేదు, తొమ్మిదేళ్లు. కీ వాచీకి నాలుగైదేళ్లకోసారి ఎలాగూ చేయించాలి, లేకపోతే నూనె ఎండి ఇరుసులు అరుగుతాయి. కాబట్టి ఆ 800 వాషింగ్ మెషిన్ ఖాతాలో రాయకూడదు, నా బద్ధకం ఖాతాలో రాయాలి. అద్దం మీద ముందు నుంచే గీతలు. పడినందుకు అయ్యింది 500 మాత్రమే. అలా చూస్తే నిర్ణయం తేలిక.

అదే నిరుడే సర్వీసింగ్ చేయించిన వాచీ అయితే, విప్పినందుకు మళ్లీ కడగడం, నూనె వేయడం తప్పదు, ఆ ఖర్చు కూడా పడిన ఖాతాలోకే పోతుంది. అప్పుడు లెక్క మారుతుంది. అలాంటి వాచీనే మంచి స్థితిలో పాతది ఎంతకి దొరుకుతుందో చూసి, రిపేరు అందులో సగం దాటితే నేను ఆలోచిస్తాను. ధర చూసేటప్పుడు ఆన్‌లైన్‌లో తళతళలాడే రంగురంగుల హెచ్.ఎం.టి.లు నమ్మొద్దు. చాలావాటికి డయల్ మళ్లీ అచ్చేసి, దొరికిన ముక్కలతో కూర్చినవే ఉంటాయి. చవగ్గా కనిపిస్తాయి, పోల్చడానికి పనికిరావు.

ఆటోమేటిక్ సీకోల్లాంటివాటికి ఇంకో దారి ఉంది. పాత సీకో 5ల్లో ఉండే 7ఎస్26 మిషన్ దెబ్బతింటే, దాన్ని బాగుచేసే బదులు ఎన్‌హెచ్36 అనే మిషన్ మొత్తంగా పెట్టేస్తారు. తేదీ, వారం రెండూ ఉంటాయి, కీతో కూడా చుట్టుకోవచ్చు, పాతదానికి ఆ వసతి లేదు. ఖర్చు మంచి సర్వీసింగ్‌కి దగ్గర్లోనే ఉంటుంది. రోజూ వాడే వాచీకి ఇది శుభ్రమైన పని. నాన్న వాచీకి మాత్రం ఒప్పుకోను. లోపల ఇంకో మిషన్ పెట్టాక అది నాన్న వాచీ ఎలా అవుతుంది? చాచా బిస్కెట్ డబ్బా నుంచి వచ్చిన బ్యాలెన్స్ మాత్రం నాకు ఫర్వాలేదు. ఇందులో తర్కం లేదని తెలుసు.

మనసుకి దగ్గరి వాచీ అయితే దుకాణానికి పోయే ముందు రాత్రే గరిష్ఠం ఎంతో ఒక కాగితం మీద రాసుకోండి. నేను 2,000 రాసుకున్నాను. అక్కడ కుర్చీలో కూర్చుని, తెరిచిన వాచీని భూతద్దంలో చూస్తూ ఉంటే ఎంతైనా ఇచ్చేయాలనిపిస్తుంది. ఒప్పుకునేటప్పుడు చీటీ మీద ఐదు మాటలు రాయించుకోండి: ఏ ముక్క మారుస్తున్నారు, కొత్తదా తుక్కులోదా, పాత ముక్క తిరిగిస్తారా, కేసు రుద్దొద్దు, డయల్ ముట్టొద్దు. మూత తీసిన ఏ వాచీ అయినా నీళ్లు తట్టుకుంటుందని అనుకోకండి, లోపలి రబ్బరు వలయం మార్చి పరీక్ష చేస్తే తప్ప. నాకు వాచీ వచ్చాక డయల్ పైకి 265, బోర్లిస్తే 258. పాత బ్యాలెన్స్‌ని కాగితంలో మడిచి ఇచ్చాడు. మా క్లాసులో అందరూ చూశారు. వంగిన కొస కంటికి కనిపించదు, ఫోన్ కెమెరాతో పెద్దది చేస్తే తప్ప.

అమ్మ ఆల్విన్

ఇక చేయించనిది. నాన్న సనత్‌నగర్ ఆల్విన్‌లో ఫ్రిజ్‌ల వైపు పనిచేసేవారు. హైదరాబాద్ ఆల్విన్ అంటే ఈ తరానికి తెలియదు గానీ ఫ్రిజ్‌లు, బస్సు బాడీలతో పాటు సీకో సాయంతో వాచీలు కూడా చేసింది. నాన్న మాత్రం చేతికి హెచ్.ఎం.టి.నే పెట్టుకునేవారు, ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు. అమ్మకి కొన్నది ఆల్విన్. చిన్న కీ వాచీ, గోధుమ రంగు పట్టీ. అన్నయ్య ఇంట్లో అటక మీద పెట్టెలు సర్దుతుంటే పైనుంచి గ్రానైటు మీద పడింది. ఏడడుగుల ఎత్తు.

చాచా మూత తీసి చాలాసేపు చూశాడు. ఇరుసు రెండు కొసలూ పోయాయి, ఒక రాయి పగిలింది, బాల్‌కమానీ జడలాగా చిక్కుపడింది. "టీచరమ్మా, చేయొచ్చు. కానీ ఇంకో ఆల్విన్ కావాలి, ఇదే సైజు లేడీస్" అన్నాడు. దానికోసం బతికి ఉన్న ఇంకో వాచీని కొని చంపాలి. మరో దుకాణంలో సెల్లు మిషన్ పెట్టేస్తామన్నారు, నాలుగు వందలు. డయల్ అదే ఉంటుంది, ముళ్లు అవే, టైము బ్రహ్మాండంగా చూపిస్తుంది. అన్నయ్య సరే అన్నాడు. నేను వద్దన్నాను, అమ్మ కూడా వద్దంది. "ఆగిపోతే ఆగిపోయింది, దాంట్లో సెల్లెందుకు?" అంది. అంతటితో ఆ నిర్ణయం అయిపోయింది.

బాగు చేయించకూడదనుకున్న వాచీకి కూడా కొంచెం పని ఉంటుంది. తోలు పట్టీ తీసేయాలి, అది చెమ్మ పీల్చి కేసుకి తుప్పు తెస్తుంది. ఊడిన ముక్కలన్నీ చిన్న జిప్ కవర్లో వేసి వాచీతోనే ఉంచాలి. చెప్పుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే గుళికల పొట్లం ఒకటి పక్కన పడేయాలి. స్పీకర్లకి దూరంగా పెట్టాలి, మా వదినకి ఇప్పుడు చెప్పక్కర్లేదు.

చాచా దగ్గర అగ్గిపెట్టె మీద మాత్రం "ఆల్విన్ లేడీస్, టీచరమ్మ" అని రాసి ఉంది, ఏదైనా తుక్కు వాచీ వస్తే గుర్తుండటానికి. మూడు నెలలకోసారి ఫోన్ చేస్తాడు. మొన్న దసరా సెలవుల్లో చేసి, ఒకటొచ్చింది రమ్మన్నాడు. పోయి చూస్తే నిజంగానే ఆల్విన్, మిషన్ కూడా గడగడా నడుస్తోంది. కానీ అది మగవాళ్ల సైజు.

"మీ సార్‌కి సరిపోతుంది కదా," అన్నాడు చాచా, "ఆరు వందలు."